కోత పండుగ వేలంపాట

ఇప్పుడే మా చర్చి దగ్గర ఒకే గుమ్మడికాయ మూడోసారి అమ్ముడుపోయింది! పాడుకున్నాయన డబ్బు కట్టేసి కాయను మళ్లీ బల్ల మీదే పెట్టేశాడు.

కోత పండుగంటే ఇదేగా, పండినదాంట్లో కొంత చర్చికి తెచ్చి వేలం వేయడం. వరి కంకుల కట్టలు, అరటి గెలలు, నాటుకోళ్లు, గుడ్లు. కోళ్లు, ఆకుకూరలు, పాలు ముందు పాడేయాలి, ఎండకు ఆగవు. బియ్యం, కొబ్బరికాయలకు తొందరేం లేదు. ధాన్యం తెచ్చేవాళ్లు బాగా ఆరబెట్టి తెండి. పచ్చిమీద గోనెలో కడితే లోపల వేడెక్కి ముక్కిపోతుంది. పాట ఊపులో ధర పెంచేసి తర్వాత కనిపించనివాళ్లూ ఉంటారు, అందుకే పుస్తకంలో పేరు రాసుకుని డబ్బు చేతికొచ్చాకే సరుకు ఇవ్వాలి.

బైబిల్లో ద్వితీయోపదేశకాండం 26లో మాత్రం వేలం లేదు. తొలిపంట గంపను యాజకుడికి ఇచ్చాక, తెచ్చినవాడు నోరు తెరిచి చెప్పాలి: మా పూర్వికుడు దిక్కులేక తిరిగాడు, ఐగుప్తులో (ఈజిప్టులో) మమ్మల్ని బాధపెట్టారు, దేవుడు బయటికి తెచ్చి ఈ నేల ఇచ్చాడు. ఆ తర్వాత, దేవుడి సేవ చేస్తూ సొంత భూమి లేని లేవీయుడు, పరదేశి కూడా కలిసి సంతోషించాలి.

ఈ చెప్పడమే మన దగ్గర జారిపోయింది. ఎవరు ఎంతకు పాడారో మైకులో మోగుతుంది, గుప్పెడు బియ్యం తెచ్చిన ముసలమ్మ సాక్ష్యం ఎవరికీ వినబడదు.

వేలానికి ముందు ముగ్గురికి మైకు ఇస్తే చాలు. తలా రెండు నిమిషాలు, దాటితే లాక్కోవాలి, లేకపోతే ప్రసంగమైపోతుంది. పొలం లేనివాళ్లను ముందు పిలవండి. లేవీయకాండం 23లో కోతల పండుగల గురించి చెబుతూనే, పొలం అంచులు కోయకుండా బీదలకు, పరదేశులకు వదిలేయమని ఉంది.