పిడికిలిన్నర దూరం

2025 జనవరి 25, శనివారం. అమావాస్యకు ఇంకా నాలుగు రోజులుంది కాబట్టి చంద్రుడు తెల్లవారుజామున గానీ రాడు. శుక్రుడు, శని పడమట ఉన్నారు, గురుడు నడినెత్తికి దగ్గర్లో, కుజుడు తూర్పున. ఇలాంటి రాత్రిని హైదరాబాద్ వీధిదీపాల కింద పోగొట్టుకోబుద్ధి కాలేదు. ఆరంగుళాల కంప్యూటర్ టెలిస్కోపును కారు వెనకసీట్లో పడుకోబెట్టి, బెల్టు కట్టి, దేవరకొండ దగ్గర మా పెద్దనాయిన వాళ్ల ఊరికి బయల్దేరాను.

ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లేటప్పుడల్లా నాకు రంగాపూర్ గుర్తొస్తుంది. ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల 48 అంగుళాల టెలిస్కోపు ఉన్న అబ్జర్వేటరీ ఆ పక్కనే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడ శాస్త్రవేత్తలు పరిశీలించారు. ఆ గ్రహణపు నీడ దేవరకొండ మీదుగా కూడా వెళ్లింది. మాల్, మల్లేపల్లి దాటి ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది.

వెలుతురు ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది. టెలిస్కోపు మీద గురి చూసుకోవడానికి ఉండే చిన్న ఫైండర్, అసలు గొట్టం రెండూ ఒకే చోటికి చూడాలి. దూరంగా ఉన్న సెల్ టవర్ కొసను రెండింటిలోనూ నడిమధ్యకు తెచ్చి స్క్రూలు బిగించాను. చీకట్లో ఈ పని పెట్టుకుంటే రాత్రంతా అవస్థే. ఈలోపు పెద్దమ్మ వీధిలైటు కళ్లలో పడకుండా దండేనికి చెద్దరు కట్టింది. ఫోన్ టార్చికి ఎర్ర కాగితం చుట్టాను. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది, ఒక్క తెల్ల లైటు పడిందా, మళ్లీ మొదటికే.

ఈ యంత్రం ఆకాశాన్ని తనంతట తాను చూడదు. మనం చెప్పిన ఊరు, తేదీ, టైమును బట్టి ఏ చుక్క ఎక్కడుండాలో లెక్క కడుతుంది, అంతే. అక్షాంశం 16.7, తూర్పు రేఖాంశం 78.9. తేదీ 25/01 అని కొడితే ఒప్పుకోలేదు, దానికి నెల ముందు రావాలి. తర్వాత ఏదో అడిగితే తొందరలో 'అవును' నొక్కేశాను. గొట్టాన్ని అడ్డంగా, ధ్రువ నక్షత్రం వైపు తిప్పి పెట్టాను. మన దగ్గర ధ్రువుడు బాగా కిందికి ఉంటాడు, అక్షాంశం ఎంతో అంత ఎత్తు. యంత్రం లెక్కను ఆకాశంతో సరిచూసేందుకు మొదటి చుక్కగా లుబ్ధకుణ్ని, అంటే సిరియస్ నక్షత్రాన్ని, ఎంచుకున్నాను.

మోటార్లు గుర్రుమన్నాయి. గొట్టం తూర్పుకు తిరిగి, లుబ్ధకుడికి బాగా కింద, ఏమీ లేని చోట ఆగింది. స్టాండు కదిలిందేమోనని లెవెల్ చూశాను. ఉత్తరం మళ్లీ సరిచూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. చుట్టూ పిల్లలు లైన్లో నిలబడి ఉన్నారు, నాకేమో టెన్షన్.

చేయి చాచి కొలిచాను. చాచిన చేతికి పిడికిలి సుమారు పది డిగ్రీలు. తేడా పిడికిలిన్నర, అంటే పదిహేను డిగ్రీలు. ఆకాశం గంటకు తిరిగేది సరిగ్గా అంతే! అప్పుడు తట్టింది. నేను 'అవును' అన్నది డేలైట్ సేవింగ్‌కు. వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుకునే దేశాల కోసం పెట్టిన ఏర్పాటది, మనకు లేదు. యంత్రం గంట వెనక ఉన్న ఆకాశాన్ని చూపిస్తోంది. 'కాదు' అని మార్చి మళ్లీ మొదలుపెట్టగానే లుబ్ధకుడు ఫైండర్‌లోకి వచ్చాడు. నడిమధ్యకు తెచ్చి, రెండో చుక్కగా దూరంగా ఉన్న బ్రహ్మహృదయాన్ని పట్టుకున్నాను. రెండూ కుదిరాక ఇక ఏది అడిగినా అదే వెతికి పెడుతుంది, వెంట తిరుగుతుంది కూడా. మోటారు లేకపోతే అరవై రెట్లు పెద్దగా చూసేటప్పుడు మూడు నాలుగు నిమిషాల్లో చుక్క జారిపోతుంది.

శని దిగిపోకముందే అందరికీ చూపించాను. ఆ మార్చిలో వలయాలు మనకు అంచు తిప్పబోతున్నాయి కాబట్టి, గ్రహానికి సూది గుచ్చినట్టు సన్నగా కనిపించాయి. గురుడి పక్కన నాలుగు ఉపగ్రహాలు. గొల్లకావడి అనే మూడు చుక్కల వరస కింద మృగవ్యాధుడి (ఓరియన్) నెబ్యులా, అంటే వాయువు, ధూళి మేఘం, బూడిదరంగు పొగ మధ్యలో నాలుగు బుల్లి చుక్కలు. ఆ వెలుగు అక్కడి నుంచి బయల్దేరి పదమూడు వందల ఏళ్లు దాటింది.

పెద్దనాయిన చివర్న వచ్చారు. గురుణ్ని చూసి చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత మెల్లగా అన్నారు:

"గ్రహణం నాడు మా అవ్వ తలుపులన్నీ మూసింది బిడ్డా. నాకప్పుడు పద్నాలుగేండ్లు. సందులకెల్లి చూస్తనంటే వీపు మీద ఒక్కటేసింది. పట్టపగలు చీకటైందట, కొంగలు చెట్ల మీదికొచ్చినయట. నేనేం చూడలే."

దాదాపు రెండు నిమిషాల చీకటి. ఇంటి పైనే జరిగింది, ఆయన లోపల ఉన్నారు. సంపూర్ణంగా మూసుకున్న ఆ కాసేపు తప్ప, సరైన ఫిల్టర్ లేకుండా సూర్యుణ్ని చూడకూడదన్న మాట నిజమే. కానీ ఆ జాగ్రత్త చెప్పేవాళ్లు లేక తలుపులు మూసేశారని నాకు బాధేసింది.

తొమ్మిదిన్నరకు దక్షిణాన అగస్త్య నక్షత్రం రెండు పిడికిళ్ల ఎత్తుకు వచ్చింది. అర్ధరాత్రికి ముందు గాజు మీద మంచు పట్టింది, మూత పెట్టేశాను. గొట్టం మోసుకుని మెట్లు దిగుతుంటే పెద్దనాయిన వెనక నుంచి అడిగారు, "అట్లాంటి గ్రహణం మళ్లెప్పుడు?"

"మన దేశంలో 2034 మార్చి 20న. కశ్మీర్, లడఖ్ వైపు."

"అప్పటికి నాకు అరవై ఎనిమిది," అన్నారు. రెండు మెట్లు దిగాక, "అక్కడ చలెంతుంటది?" అని అడిగారు.