టెక్సాస్ ఏ అండ్ ఎంలో నా మొదటి ఫుట్‌బాల్ టికెట్

2018 ఆగస్టులో మాస్టర్స్ చదవడానికి టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి వచ్చాను. ఊరి పేరు కాలేజ్ స్టేషన్. ఒకప్పుడు కాలేజీ కోసం రైలు ఆగిన చోటు కాబట్టి ఊరికి ఆ పేరు. సూట్‌కేసులు ఇంకా పూర్తిగా విప్పకముందే పక్క ఫ్లాట్‌లో ఉండే సీనియర్ అన్న అడిగాడు, "స్పోర్ట్స్ పాస్ తీసుకున్నావా?"

తీసుకోలేదన్నాను. నాకు అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్క రూల్ తెలియదు. పైగా వచ్చిన కొత్తలో ప్రతి డాలరూ లెక్కపెట్టుకునే రోజులు. కానీ అన్న వదల్లేదు. "సెప్టెంబర్ 8న క్లెమ్సన్ వస్తోంది. దేశంలో రెండో ర్యాంక్ టీమ్. ఇప్పుడు తీసుకో, మిగతాది తర్వాత అర్థమవుతుంది" అన్నాడు. సరే అని ఆన్‌లైన్‌లో కొనేశాను.

పాస్ కొంటే టికెట్ వచ్చినట్టే అనుకున్నాను. కాదు. అప్పట్లో పాస్ ఉన్నవాళ్లు ఇక్కడ ఆడే ప్రతి మ్యాచ్‌కీ ఆ వారంలో కైల్ ఫీల్డ్ స్టేడియం దగ్గర కౌంటర్‌కి వెళ్లి టికెట్ తీసుకోవాల్సి ఉండేది. దీన్నే ఇక్కడ అందరూ టికెట్ పుల్ అంటారు. ముందు వంతు సీనియర్లకీ (నాలుగో ఏడాది వాళ్లు) గ్రాడ్యుయేట్ స్టూడెంట్లకీ, తర్వాత జూనియర్లకీ (మూడో ఏడాది), ఆ తర్వాత సోఫోమోర్లకీ (రెండో ఏడాది), చివర ఫ్రెష్‌మెన్‌కీ (మొదటి ఏడాది). మేం మాస్టర్స్ వాళ్లం కాబట్టి మొదటి వంతులోనే ఉన్నాం. స్నేహితుల గుంపు తరఫున ఒకరు అందరి ఐడీ కార్డులూ పట్టుకుని వెళ్లినా సరిపోయేది, అందరికీ పక్కపక్కనే చోటు వచ్చేది. మా గుంపు నుంచి నేనూ అన్నా వెళ్లాం.

వెళ్లేసరికి అక్కడ టెంట్లు వేసి ఉన్నాయి. కొందరు పరుపులు కూడా తెచ్చుకున్నారు. ఒకబ్బాయి ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని అసైన్‌మెంట్ చేసుకుంటున్నాడు. ఎండ దిగినా ఉక్కపోత తగ్గలేదు. రాత్రంతా అక్కడే ఉండాలని అప్పుడు తెలిసింది. దుప్పటి తేలేదు. అన్న తెచ్చిన చాపే ఇద్దరికీ.

మా ముందు లైన్‌లో ఉన్న అమ్మాయి "హౌడీ" అని పలకరించింది. ఇక్కడ తెలియని వాళ్లు ఎదురుపడినా హౌడీ అనే అంటారు. తర్వాత "నీది ఏ క్లాస్?" అని అడిగింది. అంటే ఏ సంవత్సరంలో పట్టా తీసుకుంటావు అని. 2020 అన్నాను. వాళ్ల నాన్న, తాతయ్య కూడా ఇక్కడే చదివారట. ఇంతసేపు ఎందుకు పడుకుంటారు ఇక్కడ అని నేను అడిగితే ఆమె కింగ్ గిల్ కథ చెప్పింది.

1922 జనవరి 2, డాలస్. ఏ అండ్ ఎం జట్టు సెంటర్ కాలేజీతో ఆడుతోంది. అవతలి జట్టు చాలా బలమైనది. ఆట సాగేకొద్దీ మనవాళ్లు ఒక్కొక్కరే దెబ్బలు తగిలి బయటికి వస్తున్నారు. కోచ్ డానా బైబుల్‌కి ఇక దింపడానికి ఆటగాళ్లు మిగలరేమో అనిపించింది. అప్పుడు గుర్తొచ్చిన పేరు ఈ. కింగ్ గిల్. అతను ఫుట్‌బాల్ వదిలేసి బాస్కెట్‌బాల్‌కి మారిన కుర్రాడు. ఆ రోజు ప్రెస్ బాక్స్‌లో కూర్చుని, ఏ ఆటగాడు ఎవరో విలేకరులకు చెబుతున్నాడు. కబురు రాగానే దిగొచ్చి, దెబ్బ తగిలిన ఒక ఆటగాడి యూనిఫాం వేసుకుని మైదానం గీత పక్కన నిలబడ్డాడు. ఏ అండ్ ఎం 22-14తో గెలిచింది. గిల్‌ని మైదానంలోకి దింపే అవసరమే రాలేదు. కానీ ఆట అయ్యేదాకా అతను సిద్ధంగా నిలబడే ఉన్నాడు. మైదానంలో పదకొండు మంది, పన్నెండోవాడు అతను. అందుకే ఈ యూనివర్సిటీ విద్యార్థులంతా తమను పన్నెండో మనిషి అనుకుంటారు. అందుకే స్టూడెంట్ సెక్షన్‌లో ఆట సాగినంతసేపూ ఎవరూ కూర్చోరు.

ఒక్క బంతి కూడా ముట్టుకోని మనిషిని దాదాపు వందేళ్లుగా తలుచుకుంటున్నారు. ఆ రాత్రి చాప మీద పడుకుని చాలాసేపు దాని గురించే ఆలోచించాను. క్రికెట్‌లో పన్నెండో ఆటగాడంటే మంచినీళ్లు తెచ్చేవాడని నాకు చిన్నప్పటి నుంచీ ఒక లెక్క. అతన్ని ఇలా చూడాలని ఎప్పుడూ అనిపించలేదు.

పొద్దున్నే కౌంటర్ తెరిచారు. లైన్ అనుకున్నదానికంటే త్వరగా కదిలింది. టికెట్లు చేతికొచ్చాయి.

మ్యాచ్ ముందు రోజు అర్ధరాత్రి స్టేడియంలో మిడ్‌నైట్ యెల్ ఉంటుంది. రేపు ఎలా అరవాలో ఈ రాత్రి ప్రాక్టీస్ చేయడం. ఇక్కడ చీర్‌లీడర్లు ఉండరు. విద్యార్థులు ఓట్లేసి ఎన్నుకున్న ఐదుగురు యెల్ లీడర్లు ఉంటారు, ముగ్గురు సీనియర్లు, ఇద్దరు జూనియర్లు. వాళ్లు చేత్తో ఒక సైగ చేస్తారు. ముందు వరసవాళ్లు అదే సైగను వెనక్కి అందిస్తారు, వాళ్ల వెనకవాళ్లు ఇంకా వెనక్కి. అలా పై అంతస్తు దాకా వెళ్లాక అందరూ నడుం వంచి, చేతులు మోకాళ్ల మీద పెట్టి, ఒకే గొంతుతో అరుస్తారు. నేను మొదట తప్పు సైగ అందించాను. వెనకున్న కుర్రాడు నా చెయ్యి పట్టుకుని సరిచేశాడు. చివర్లో లైట్లు ఆర్పేస్తారు. జంటలు ముద్దు పెట్టుకుంటారు, జంట లేనివాళ్లు లైటర్ వెలిగించి పట్టుకుంటారు. నేను ఫోన్ లైట్ పట్టుకున్నాను.

శనివారం మధ్యాహ్నానికే క్యాంపస్ అంతా మెరూన్ రంగు. లోపలికి పారదర్శకమైన సంచి తప్ప మామూలు బ్యాగ్ తీసుకెళ్లనివ్వరని అన్న ముందే చెప్పాడు కాబట్టి బతికిపోయాను. తెలియని వాళ్లు గేటు దాకా వచ్చి మళ్లీ కారు దాకా నడవాల్సి వచ్చింది. స్టేడియం ఉత్తరం వైపు రెవెయిల్ సమాధులు చూపించాడు అన్న. రెవెయిల్ అంటే యూనివర్సిటీ మస్కాట్ అయిన కుక్క. ఇప్పటి రెవెయిల్ కాలీ జాతిది, యూనివర్సిటీలోని సైనిక శిక్షణ విద్యార్థుల దళం, కోర్ ఆఫ్ క్యాడెట్స్‌లో అందరికన్నా పెద్ద ర్యాంక్ దానిదే. చనిపోయిన రెవెయిల్‌లను అక్కడ పాతిపెట్టి, వాటికి స్కోరు కనిపించాలని బయటివైపు ఒక చిన్న స్కోర్‌బోర్డ్ పెట్టారు. నాకు ఆ స్కోర్‌బోర్డ్ చూస్తే గొంతు పట్టేసింది.

కైల్ ఫీల్డ్‌లో 1,02,733 మంది పడతారు. ఆ రోజు అది నిండిపోయింది. మాకు బాగా పైన చోటు వచ్చింది. కిందకి చూస్తే కాళ్లు వణికాయి. యూనివర్సిటీ యుద్ధగీతం చివరికొచ్చేసరికి పక్కవాళ్లు నా భుజాల మీద చేతులు వేశారు. ఒక వరస కుడికి, దాని ముందు వరస ఎడమకి ఊగుతుంది. కాళ్ల కింద కాంక్రీటు నిజంగా కదులుతున్నట్టు తెలుస్తుంది. భయపడొద్దు, ఇది అలాగే ఊగుతుంది అన్నాడు పక్కనున్నవాడు.

ఆట గురించి నాకు అర్థమైనంత చెబుతాను. చాలాసేపు మేం వెనకబడే ఉన్నాం. నాలుగో క్వార్టర్‌లో మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆట నడిపేవాడు) కెలెన్ మాండ్ వరసగా పాస్‌లు వేస్తూ అంతరం తగ్గించాడు. ఒకసారి మావాడు గోల్ గీత దాకా వెళ్లి, చేయి చాచేసరికి బంతి జారి గీత అవతలి ఎండ్ జోన్ పక్క నుంచి బయటికి పోయింది. అలా జరిగితే బంతి అవతలి జట్టుకే ఇస్తారట. ఆ రూల్ ఆ క్షణంలో నేర్చుకున్నాను, ఇక ఎప్పటికీ మర్చిపోను. అయినా బంతి మళ్లీ మా చేతికొచ్చింది. 46 సెకన్లు ఉందనగా టచ్‌డౌన్. వాళ్లకి 28, మాకు 26. టచ్‌డౌన్ తర్వాత దొరికే ఒక్క అవకాశంలో ఇంకో రెండు పాయింట్లు వస్తే సమం. మాండ్ వేసిన బంతిని క్లెమ్సన్ వాడు పట్టేశాడు.

లక్షమంది ఒక్కసారిగా ఆగిపోయారు. నేను సంచి అందుకున్నాను, వెళ్లిపోదామని. అన్న నా మోచేయి పట్టుకుని ఆపాడు. చుట్టూ చూస్తే విద్యార్థులెవరూ కదల్లేదు. యెల్ లీడర్లు స్టాండ్స్ ముందుకి వచ్చారు. ఓడినప్పుడు వచ్చే మ్యాచ్ కోసం అక్కడే, ఆ స్టాండ్స్‌లోనే మళ్లీ యెల్ ప్రాక్టీస్ చేస్తారు. గొంతులు పోయినవాళ్లంతా మళ్లీ నడుం వంచి అరిచారు. నా ముందున్న అమ్మాయి ఏడుస్తూనే అరుస్తోంది. ఈసారి సైగ సరిగ్గా అందించాను.

ఆ సెమిస్టర్‌లోనే ఒక నెల మొదటి మంగళవారం సిల్వర్ టాప్స్‌కి వెళ్లాను. చదువుకుంటూ చనిపోయిన విద్యార్థుల కోసం జరిపే ఈ సంప్రదాయం 1898లో మొదలైంది. పగలు అకడమిక్ బిల్డింగ్ ముందు జెండా స్తంభం దగ్గర వాళ్ల పేర్లున్న కార్డు పెడతారు. రాత్రి పదిన్నరకి క్యాంపస్‌లో ఆ చుట్టూ లైట్లన్నీ ఆర్పేస్తారు. వేలమంది గడ్డి మీద నిలబడి ఉంటారు, దగ్గు కూడా వినపడదు. చీకట్లో రాస్ వాలంటీర్ల (గౌరవ వందనం చేసే క్యాడెట్ల బృందం) బూట్ల చప్పుడు మెల్లగా దగ్గరికొస్తుంది. మూడుసార్లు తుపాకులు పేలుతాయి. తర్వాత పైనుంచి బ్యూగిల్. మూడుసార్లు వాయిస్తారు, ఉత్తరానికి, దక్షిణానికి, పడమరకి. తూర్పుకి వాయించరు. ఆ విద్యార్థికి ఇక సూర్యుడు ఉదయించడు కాబట్టి.

అంతే. ఎవరూ ఏమీ మాట్లాడరు. వచ్చినట్టే నిశ్శబ్దంగా వెళ్లిపోతారు. ఆ రాత్రి కార్డు మీదున్న పేర్లలో ఒక్కరు కూడా నాకు తెలియదు. నా పక్కన నిలబడినవాళ్లలో చాలామందికీ తెలిసుండదు. స్టేడియంలో ఎందుకు నిలబడతారో నాకు నిజంగా అర్థమైంది ఆ గడ్డి మీదే. ఇంటికి దూరంగా ఉన్నవాడికి, తను లేకపోతే ముఖం తెలియనివాళ్లు కూడా ఇలా వచ్చి నిలబడతారని తెలియడం చిన్న విషయం కాదు. ఆ వారం అమ్మకి ఫోన్‌లో ఆట గురించి చాలా చెప్పాను గానీ ఇది చెప్పలేకపోయాను.

నవంబర్ 24న ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) మ్యాచ్. థాంక్స్‌గివింగ్ సెలవులని డాలస్‌లో బాబాయి వాళ్లింటికి వెళ్లిపోయాను. టీవీలో చూశాను. స్కోరు సమమై ఏడు ఓవర్‌టైమ్‌లు, అంటే అదనపు ఆటలు. 74-72తో మేం గెలిచాం. అర్ధరాత్రి దగ్గర జనం మైదానంలోకి దూకుతుంటే బాబాయి "నువ్వు అక్కడుండాల్సింది రా" అన్నాడు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఓడిన రోజు నిలబడ్డాను, గెలిచిన రోజు సోఫాలో ఉన్నాను.

మరుసటి ఏడాది కొత్తగా మాస్టర్స్‌కి వచ్చిన ఏడుగురు మా బ్లాక్‌లో దిగారు. ఆబర్న్ యూనివర్సిటీతో మ్యాచ్ టికెట్ల కోసం వాళ్ల కార్డులు నేనే పట్టుకెళ్లాను. దుప్పటి, నీళ్లు, దోమల మందు మర్చిపోలేదు. టికెట్లు చేతికిస్తూ మూడే మాటలు చెప్పాను. పారదర్శకమైన సంచి తెచ్చుకోండి. టికెట్ మీదున్న సీటు నంబర్ మీరు నిలబడే చోటు, కూర్చునే చోటు కాదు. ఓడిపోతే వెంటనే బయటికి రావద్దు, యెల్ లీడర్లు చూసుకుంటారు.

28-20తో ఓడిపోయాం. ఆట అయ్యాక వెనక్కి తిరిగి లెక్కపెట్టాను. ఏడుగురూ ఉన్నారు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని.