రెట్టింపు అంటే దేనికి రెట్టింపు?

మొన్న రాత్రి మా పిన్ని కొడుకు నియామక పత్రాన్ని ఫోటో తీసి పంపాడు. చెన్నై దగ్గరి ఒరగడంలో ఉద్యోగం. కింద ఒకే వాక్యం: “అన్నా, జీతం బాగానే ఉంది కదా?” నేను జీతం అంకె దగ్గర ఆగలేదు. రెండో పేజీకి వెళ్ళి పని గంటల గురించి ఏం రాశారో వెతికాను. ఈ అలవాటుకు నేను చెల్లించిన రుసుము ఉంది.

2018లో గూడూరు నుంచి వచ్చి చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో ఒక విడిభాగాల కర్మాగారంలో చేరాను. పేరు అనవసరం. తయారైన భాగాలను కొలిచి, పనికిరాని వాటిని పక్కన పెట్టడం నా పని. ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదు వరకు, మధ్యలో అరగంట భోజన విరామం. అంటే రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు. విరామం పని గంటల్లోకి రాదన్న సంగతి కూడా నాకు అక్కడే తెలిసింది. పత్రంలో “అదనపు గంటలకు రెట్టింపు చెల్లిస్తాం” అని ఉంది. ఆ ఒక్క మాట చూసి మురిసిపోయి సంతకం పెట్టేశాను.

మొదటి నెలలో పన్నెండు రోజులు ఏడింటి దాకా ఉన్నాను. కొరట్టూరులో మా గదిలో తమిళనాడు ఇళ్ళలో తరచూ కనిపించే రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉండేది. ఓటీ, అంటే అదనపు గంటల పని, చేసిన రోజు కాగితం వెనుక లోపలికి వెళ్ళిన వేళ, బయటికి వచ్చిన వేళ రాసి పర్సులో పెట్టుకునేవాణ్ణి. ఎందుకు రాశానో నాకే తెలియదు. బహుశా కిరాణా కొట్టు ఖాతా చూస్తూ పెరిగినందువల్ల కావచ్చు. నెలాఖరుకు కూడితే ఇరవై అయిదున్నర గంటలు తేలాయి. జీతం స్లిప్పులో ఇరవై నాలుగే ఉన్నాయి. కొన్ని రోజులు ఏడు దాటాక చేసిన పది, పదిహేను నిమిషాలు లెక్కలోకి రాలేదు. సరే, అది చిన్న విషయం అనుకున్నాను. పక్క గడి చూస్తే ఓటీ కింద 1,800 రూపాయలు.

హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసులో అడిగితే అక్కడి ఉద్యోగి తలెత్తకుండానే తమిళంలో, డబులే ఇచ్చాం కదా అన్నాడు. నాకు లెక్క తేలలేదు. పుత్తూరు నుంచి వచ్చి పాతికేళ్ళుగా స్టోర్స్ చూసుకుంటున్న పెద్దాయన ఒకరుండేవారు. టీ గ్లాసు పక్కన పెట్టి, అట్టపెట్టె ముక్క మీద పెన్సిలుతో వేసి చూపించారు.

“నీ జీతం 15,600. ఇరవై ఆరు రోజులతో భాగిస్తే రోజుకు 600. ఎనిమిదితో భాగిస్తే గంటకు 75. రెట్టింపు 150. ఇరవై నాలుగు గంటలకు 3,600 రావాలి, అవునా? నీ బేసిక్ ఎంత నాయనా?”

బేసిక్, అంటే అలవెన్సులు కలపని మూల వేతనం, 7,800 అన్నాను. ఆయన నవ్వారు. గంటకు ముప్పై ఏడున్నర, దానికి రెట్టింపు 75. అంటే రెట్టింపు పేరుతో నాకు వచ్చింది నా మామూలు గంట రేటే! రెట్టింపు అన్న మాట అబద్ధం కాదు. దేనికి రెట్టింపో పత్రంలో రాయలేదు, నేను అడగలేదు.

1948 ఫ్యాక్టరీల చట్టంలోని 59వ సెక్షన్ ఆయనకు కంఠోపాఠం. అప్పటి నియమం ప్రకారం రోజుకు తొమ్మిది గంటలు, లేదా వారానికి నలభై ఎనిమిది దాటితే మామూలు వేతన రేటుకు రెండింతలు ఇవ్వాలి. ఆ మామూలు రేటంటే బేసిక్‌తో పాటు కార్మికుడికి దక్కే అలవెన్సులు కూడా. బోనస్, ఓటీ మాత్రం అందులోకి రావు. ఆ ఆదివారం మెరీనాలో 1959లో పెట్టిన శ్రమ విజయం విగ్రహం ముందు నిలబడినప్పుడు, బండను కదుపుతున్న ఆ నలుగురినీ చూసి మా గది మిత్రుడు “వీళ్ళకు ఓటీ బేసిక్ మీద వేస్తున్నారేమో, కనుక్కో” అన్నాడు. నవ్వానుగానీ మనసు బాగాలేదు.

ధైర్యం చేసి కాగితం మీద రాసి ఇచ్చాను. రెండు వారాల తర్వాత జవాబు పదోన్నతి రూపంలో వచ్చింది. “లైన్ సూపర్‌వైజర్”, నెలకు వెయ్యి పెంపు. అమ్మకు ఫోను చేశాను, గదిలో వాళ్ళకు మిఠాయి పంచాను. పెద్దాయన మాత్రం మిఠాయి తిని, “ఇక నీకు ఓటీ లేదు, చూసుకున్నావా?” అన్నారు. పర్యవేక్షణ హోదాలో ఉన్నవాళ్ళకు ఓటీ నిబంధనలు వర్తించకుండా మినహాయించే వీలు అదే చట్టంలో ఉండేది. నేను పర్యవేక్షించింది ఎవరిని? ఇద్దరు అప్రెంటిస్ కుర్రాళ్ళను, అదీ మధ్యాహ్నం దాకా. మిగతా రోజంతా అదే కొలత, అదే బల్ల. హోదా పేరు ఏదైనా, చేసే పనిని బట్టే ఎవరు కార్మికులో తేల్చాలని వాదించవచ్చని తర్వాత తెలిసింది. అప్పటికి వాదించే ఓపిక లేక మరో చోటు చూసుకున్నాను.

ఇప్పుడు లెక్క కొంత మారింది. 2025 నవంబరు 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు కార్మిక కోడ్‌లు, అంటే కొత్త చట్టాలు, అమల్లోకి వచ్చాయి. ఓటీకి రెట్టింపు అలాగే ఉంది, దానికి కార్మికుడి సమ్మతి కావాలి, నియామక పత్రం ఇచ్చి తీరాలి. వేతనం నిర్వచనం మాత్రం వేరు. ఇంటి అద్దె భత్యం, రాకపోకల భత్యం వంటివి వేతనంలోకి రావు. అవన్నీ కలిసి మొత్తంలో సగం దాటితే, దాటినంత మేరకు వేతనంగానే లెక్క. అందుకే ఇప్పుడు జీతం ఎన్ని ముక్కలైంది, ఏ ముక్క ఏ పేరుతో ఉంది అన్నదే ముందు చూడాలి.

మా వాడి పత్రంలో జీతానికి ఐదు ముక్కలు ఉన్నాయి. హోదా “ఎగ్జిక్యూటివ్”. పని గంటల దగ్గర “సంస్థ విధానం ప్రకారం” అని ఉంది, ఆ విధానం ఏమిటో ఎక్కడా లేదు. ఓటీ ఏ మొత్తం మీద లెక్క కడతారో, “ఎగ్జిక్యూటివ్”కు అసలు ఓటీ ఉందో లేదో, ఆదివారం పిలిస్తే డబ్బా, బదులు సెలవా, ఆ సెలవు ఎన్నాళ్ళలోగా వాడుకోవాలో అడగమన్నాను. ఫోనులో కాదు, రాతలో.

“చేరకముందే ఇన్ని అడిగితే ఏమనుకుంటారో అన్నా” అన్నాడు. అయినా నిన్న పొద్దున మెయిల్ పంపాడు. మధ్యాహ్నం వాళ్ళు ఫోను చేసి, అన్నీ చేరాక మాట్లాడుకుందాం అన్నారట. మెయిల్‌కు జవాబు ఇంకా రాలేదు. సోమవారం చేరాలి.