మొదటి పార్ట్‌టైమ్ జాబ్‌కి ముందు మీ ఖాళీ గంటలు లెక్కపెట్టుకోండి

పదిహేడేళ్లప్పుడు మొదటిసారి పార్ట్‌టైమ్ పని అడగడానికి ఒక షాపుకి వెళ్లాను. రెండు రోజులు కూర్చుని, ఫాంట్లు మార్చి మార్చి రెజ్యూమె తయారుచేసుకుని తీరా వెళ్తే, మేనేజర్ దాన్ని చదవనైనా చదవకుండా వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్నచోట పెన్ను ఆనించి "ఏయే రోజులు రాగలవు? ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా?" అన్నాడు. "ఎప్పుడైనా వస్తానండీ" అనేశాను. పని ఇచ్చారు. మూడో వారంలో పరీక్షలొచ్చాయి, రెండు షిఫ్టులు ఎగ్గొట్టాను, ఆ తర్వాత వెళ్లి చూస్తే షిఫ్టుల కాగితంలో నా పేరు కొట్టేసి ఉంది.

అందుకే ఎవరైనా పిల్లలు అడిగితే, రెజ్యూమె సంగతి తర్వాత చూద్దాం, ముందు వారంలో నీకు ఖాళీ ఎప్పుడో కాగితం మీద రాయి అంటాను. క్లాసులు, హోంవర్క్, రానూపోనూ పట్టే టైమ్ అన్నీ తీసేస్తే మనం అనుకున్నదాంట్లో సగం కూడా మిగలదు. ఆ మిగిలిందే చెప్పండి. "మంగళ, గురువారాలు సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది, ఆదివారం రోజంతా, పరీక్షలప్పుడు మాత్రం ఆదివారం ఒక్కటే" అని ముందే చెప్పేస్తే షిఫ్టులు వేసేవాళ్లకి పెద్ద తలనొప్పి తప్పుతుంది.

వయసు సంగతి కూడా చూసుకోండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 నాటి 138వ ఒప్పందం ప్రకారం పనిలో చేరడానికి కనీస వయసు మామూలుగా 15, చదువుకి అడ్డురాని తేలిక పనులకి 13, ప్రమాదకరమైన వాటికి 18. కానీ ఏ దేశం చట్టం దానిదే, రాత్రి షిఫ్టులకీ రోజుకి ఎన్ని గంటలన్నదానికీ వేరే రూల్స్ ఉండొచ్చు, ఇంట్లోవాళ్ల సంతకం అడిగే చోట్లూ ఉన్నాయి.

ఇక రెజ్యూమె. ఒక్క పేజీ చాలు. అనుభవం లేదని దిగులు వద్దు, కానీ "కష్టపడి పనిచేస్తాను" అని మాత్రం రాయకండి, అది అందరూ రాస్తారు. "స్కూల్ ఫంక్షన్‌కి తెచ్చిన 200 కుర్చీలు లెక్కపెట్టి తిరిగి అప్పజెప్పాను" అని రాస్తే అది పని. మీ గురించి చెప్పగలిగే మనిషిగా టీచర్ పేరు ఇచ్చేముందు ఆవిడని ఒక మాట అడగండి. గేమ్స్ కోసం పెట్టుకున్న ఆ వింత ఈమెయిల్ ఐడీ దయచేసి వద్దు.

షాపు కిటకిటలాడే టైమ్‌లో వెళ్లకండి, ఫ్రెండ్స్‌ని గుంపుగా వెంటేసుకుని అసలే వెళ్లకండి. రిజిస్ట్రేషన్ ఫీజు, డిపాజిట్ అంటూ మీ దగ్గరే డబ్బులు అడిగారంటే అది మోసం, వచ్చేయండి. జీతం గంటకా నెలకా, ట్రైనింగ్ రోజులకి ఇస్తారా లేదా అని అడగడానికి చాలామంది మొహమాటపడతారు (నేనూ పడ్డాను, మొదటి వారం ఉత్తినే చేశాను). అడగండి, చెప్పింది అక్కడే ఫోన్‌లో రాసుకోండి.

వారం దాటినా కబురు లేకపోతే ఒకసారి ఫోన్ చేయండి. నాకు రెండో ఉద్యోగం అలాగే వచ్చింది, అక్కడి మేనేజర్ నా కాగితం ఏదో ఫైల్లో పెట్టి మర్చిపోయాడట.