నలభై రెండో రోజు

మా తాత పోయి ఏడాది దాటింది. ఏటిసూతకంలో మాల వేసుకోకూడదు కాబట్టి పోయినసారి మా ఇంట్లో ఎవరమూ శబరిమల వెళ్ళలేదు. నాన్న సంవత్సరీకం పెట్టాక ఈ కార్తీకంలో నేను, నాన్న, తాత దగ్గర తాగుడు మానుకున్న కొందరు స్వాములు కలిసి దీక్ష తీసుకుని వెళ్ళొచ్చాం. యాత్ర గురించి రాద్దామని కూర్చుంటే కొండకన్నా ముందు తాతే గుర్తొస్తున్నాడు, అందుకని ఆయన దగ్గర్నుంచే మొదలుపెడతాను.

మాది నెల్లూరు జిల్లా, కావలి పక్క పల్లె. 1992లో దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మా ఊరికీ వచ్చింది, మా అవ్వ ఊరి ఆడవాళ్ళతో కలిసి సారా కొట్టు ముందు కూర్చుంది. ఆ కొట్టుకు రోజూ వెళ్ళేవాళ్ళలో మా తాత ఒకడు. 1993 అక్టోబరు నుంచి సారా బంద్ అయింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, తాత మాత్రం నాటుసారా కోసం పక్క ఊళ్ళు పట్టుకుని తిరిగేవాడట. అప్పటికి టెన్త్ చదువుకునే వయసు నాన్నది. టార్చిలైటు తీసుకుని రాత్రిపూట గట్ల వెంబడి వెతికి ఇంటికి తెచ్చేవాడు. 1997లో నిషేధం ఎత్తేసి మళ్ళీ షాపులు తెరిచారు, తాత సరిగ్గా ఆ ఏడాదే మానేశాడు. లివర్ పాడై చెన్నైలో ఆసుపత్రిలో పడుంటే ఒకాయన వచ్చి మంచం పక్కన కూర్చుని, నీతులేమీ చెప్పకుండా తను ఎట్లా తాగేవాడో, ఏమేం పోగొట్టుకున్నాడో చెప్పుకుంటూ పోయాడట. తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా నిలబడే ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం పద్ధతే అది. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్ళో ఒక షేర్ల బ్రోకరు, ఒక డాక్టరు, ఇద్దరూ తాగుడుకు బానిసలే, ఒకరి గోడు ఒకరు విని నిలబడ్డారు, అక్కణ్ణుంచి వచ్చిందే ఇదంతా. తాత ఇంటికొచ్చాక ట్రైనింగ్ తీసుకుని డీ-అడిక్షన్ సెంటర్‌లో కౌన్సిలర్‌గా చేరాడు, ఓపిక ఉన్నన్నాళ్ళూ అదే పని చేశాడు. నేను పుట్టేనాటికి ఆయన మానేసి చాలా కాలమైంది. నాకు తెలిసిన తాత వరండాలో కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళు చెప్పేది వింటూ కూర్చునే మనిషి.

అయ్యప్ప మాలంటే ఆయనకు చాలా నమ్మకం, దాంతోపాటు భయం కూడా. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింట్లో ఏది ముదిరినా మనిషి కాళ్ళు మళ్ళీ షాపు వైపే పోతాయి అనేవాడు. మాల వేసుకుంటే ఈ నాలుగూ ఒక్కసారే కట్టుబడతాయి. వేళకు భిక్ష, కోపం తెచ్చుకోకూడదన్న నియమం, సాయంత్రం పదిమందితో భజన, పెందలాడే చాప మీద నిద్ర. నిన్నటిదాకా గడప తొక్కనివ్వని బావమరిది ఇంటికి పిలిచి కాళ్ళు కడిగి భిక్ష పెడతాడు. అయితే ఇదంతా నలభై ఒక్క రోజులే. మాల తీసిన సాయంత్రమే బాటిల్ పట్టినవాళ్ళను మన ఊళ్ళలో ఎంతమందిని చూడలేదు? అందుకే తాత లెక్కంతా నలభై రెండో రోజు మీదే ఉండేది. ఆ సాయంత్రం ఆయన దగ్గరికొచ్చే స్వాములందరికీ మా ఇంట్లోనే భోజనం, పెళ్ళాం పిల్లలతో సహా రావాల్సిందే. మర్నాటి నుంచి ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో అక్కడే కూర్చుని రాసుకునేవాళ్ళు.

భయం దేనికంటే, పొద్దున లేస్తే మందు పడందే చేతులు వణికే స్థితికి వచ్చినవాడు స్వామి మీద భారం వేసి ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించడం, అరవడం మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళేమో స్వామి పూనాడని హారతులు పడతారు! అట్లాంటివాణ్ణి తాత ముందు ఆసుపత్రికి తీసుకుపోయేవాడు, డాక్టరు బీ1 విటమిన్ ఇంజక్షన్లు, మందులు ఇచ్చి ఒళ్ళు కుదుటపడిందని చెప్పాకే గురుస్వామి దగ్గరికి పంపేవాడు. తాగుడు మాన్పించే మాత్రలు కూరలో కలిపి తెలియకుండా పెడుతున్నామని ఎవరైనా చెప్తే మాత్రం ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది, ఆ మాత్ర కడుపులో ఉండగా తాగితే మనిషే పోవచ్చు. ఇది చదివేవాళ్ళ ఇళ్ళలో ఎవరైనా అట్లా చేస్తుంటే దయచేసి ఈరోజే ఆపండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు అది.

నెల్లూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెంగన్నూరులో దిగాం. ఎరుమేలిలో రంగులు పూసుకుని పేటతుళ్ళి ఆడి, వావర్ మసీదులో మొక్కుకుని పంబకు చేరేసరికి తెల్లవారుతోంది. నదిలో మునిగాక నాన్న పితృకార్యానికి కూర్చున్నాడు. తడిసిన నల్లపంచె ఒంటికి అతుక్కుపోయి ఉంది, ఎదురుగా అరటాకు మీద అన్నం, నువ్వులు. పంతులుగారు గోత్రం, పేరు అడిగితే నాన్న తాత పేరు చెప్పి ఆగిపోయాడు, మళ్ళీ అడిగితే మళ్ళీ పేరే చెప్పాడు, గోత్రం నేను అందించాను. పిండం నీళ్ళలో వదిలి ఒడ్డుకు వచ్చాక, దీక్ష పొడుగునా నన్ను స్వామీ అనే పిలిచిన మనిషి, "ఆయన మానేశాక కూడా పదేళ్ళు నేను నమ్మలేదురా. ఎప్పుడన్నా ఆలస్యంగా వస్తే పక్కన నిలబడి వాసన చూసేవాణ్ణి. ఆయనకు తెలుసు, ఒక్కరోజు కూడా ఏమీ అనలేదు" అన్నాడు. నాన్న నాకు ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

నీలిమల ఎక్కుడు కష్టం, ఇరుముడి తల మీద ఉంటే మెడ పట్టేస్తుంది, శరణుఘోష చెప్పడానికి కూడా ఊపిరి చాలదు. మాతో వచ్చిన కన్నెస్వామి, అంటే మొదటిసారి మాల వేసుకున్నవాడు, ఒకతను ఆటో నడుపుతాడు, తాత ఆఖరుగా కూర్చోబెట్టి మాట్లాడింది అతనితోనే. అప్పాచిమేడు దగ్గర బియ్యప్పిండి ఉండలు లోయలోకి విసిరి, ఎరుమేలి నుంచి తెచ్చిన శరం శరంగుత్తిలో గుచ్చాడు. కన్నెస్వాములు రాని ఏడాది పెళ్ళాడతానని అయ్యప్ప మాట ఇస్తే, మాళిగపురత్తమ్మ ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉందని అక్కడ చెప్పుకుంటారు. ఆ గుచ్చిన శరాలన్నీ చూస్తుంటే నాకు మా వరండా గుర్తొచ్చింది, కొత్తవాళ్ళెవరూ రాని ఏడాది ఒక్కటి చూసి పోవాలని తాత కోరిక. చూడలేకపోయాడు.

పద్దెనిమిది మెట్లూ ఎట్లా ఎక్కామో గుర్తులేదు, పోలీసులు చెయ్యి పట్టి పైకి లాగేస్తారు, స్వామి ముందు నిలబడేది రెండు క్షణాలు. తెల్లారి నెయ్యభిషేకానికి టెంకాయలు కొట్టాం. కన్నెస్వామి కాయలో నెయ్యి గడ్డకట్టి ఉంటే వేలితో గీకి గీకి గిన్నెలోకి తీశాడు, చిప్పకు అంటుకున్నది కూడా వదలకుండా. ఆ చేతులు వణకడం లేదు. ఖాళీ చిప్ప ఆళిలో, అంటే గుడి ముందు మండే గుండంలో, వేసి వచ్చి నాన్న పక్కన కూర్చుని, "ఇంటికి పోయాక ఎట్లా స్వామీ?" అని అడిగాడు. నాన్న దగ్గర జవాబు లేదు, ఆయన కౌన్సిలర్ కాదు, ఎరువుల కొట్టు నడుపుకునే మనిషి.

ఊరికొచ్చి మాలలు తీశాక అవ్వ ఎవరినీ అడగకుండానే పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టించింది. పప్పు, గోంగూర, వంకాయ కూర. ఒక్కొక్కరే పెళ్ళాం పిల్లలతో వచ్చి తాత కుర్చీ వైపు చూసి, కింద చాపల మీద కూర్చున్నారు. ఎనిమిదయినా ఆటో అతను రాలేదు. అతని భార్య పిల్లతో వచ్చి కూర్చుంది, ఫోన్ చేస్తే రింగ్ అవుతోంది, ఎత్తడం లేదు. నాన్న కాసేపు గుమ్మంలో నిలబడి, లోపలికి వెళ్ళి బండి తాళాలు తీసుకున్నాడు.

బైపాస్ పక్కన షాపుకు కాస్త ఇవతల ఆటో ఆపుకుని లోపలే కూర్చుని ఉన్నాడట. తాగలేదు. నాన్న ఏమీ చెప్పలేదంట, ఆటోలో వెనక సీట్లో కూర్చుని, తన చిన్నప్పుడు తాతను ఎక్కడెక్కడ వెతికి తెచ్చేవాడో చెప్పుకుంటూ ఉండిపోయాడంట. పది దాటాక ఇద్దరూ వచ్చారు. అవ్వ మళ్ళీ పప్పు వేడిచేసింది. తిన్నాక కాగితం తీసి ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో రాసుకున్నాం. ఆటో అతనికి పొద్దున ఆరింటికి నాన్న చేయాలి, సాయంత్రం నేను.