సీసా అడుగున నీలం పలుకు

ఈ దేశంలో నా పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) కాంట్రాక్టు రెండేళ్లు. అందులో పదకొండు వారాలు సీసాలు చూస్తూనే గడిచాయి. చిన్న సీసాలో, క్యాన్సర్ కణాల మీద పరీక్షించాలని చేసి మెథనాల్‌లో కరిగించిన రాగి కాంప్లెక్స్, దాన్ని దించిన పెద్ద సీసాలో ఈథర్. ఈథర్ ఆవిరి మెల్లగా లోపలికి చేరితే క్రిస్టల్ కడుతుంది. తొందరపడితే పొడి రాలుతుంది, అది నా పనికి పనికిరాదు. సీసాల్ని అల్మారాలో పెట్టి, "కదపవద్దు" అని వచ్చీరాని ఇక్కడి భాషలో రాసి అంటించాను. ల్యాబ్ శుభ్రం చేసే ఆవిడ నవ్వి, పెన్ను తీసుకుని క్రియాపదం దిద్దింది. ఆవిడదీ పరాయి దేశమే.

పదకొండో వారంలో నీలం పలుకులు కనిపించాయి. 0.2 మిల్లీమీటర్ల పలుకొకటి నూనెలో ముంచి, లూప్‌తో ఎత్తి, 100 కెల్విన్ చలిలో ఎక్స్‌రేకి పెట్టాను. మర్నాటికి నిర్మాణం తేలింది. రాగి చుట్టూ ఫినాంథ్రోలిన్ అనే లిగాండ్ (రాగికి అతుక్కునే అణువు) నైట్రోజన్లు రెండు, ఇంకో లిగాండ్ ఆక్సిజన్లు రెండు, అన్నీ సుమారు 2 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) దూరంలో. పైనున్న నీటి అణువు మాత్రం 2.3 దగ్గర. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న రాగిలో, అంటే రాగి(II)లో ఇది మామూలే; జాన్-టెల్లర్ ప్రభావం వల్ల కొన్ని బంధాలు సాగి వదులవుతాయి. "మనలాగే, కాంట్రాక్టు మీద వేలాడుతోంది" అన్నాడు పక్క బల్ల పోస్ట్‌డాక్.

ఆ రాత్రి అమ్మ ఫోన్‌లో అడిగింది: "క్యాన్సర్‌కి మందు కనిపెట్టినట్టేనా?"

"లేదమ్మా, ఎలా ఉందో తెలిసిందంతే. సిస్‌ప్లాటిన్ అని ప్లాటినం మందుంది. కణాల విభజనను ప్లాటినం ఆపుతోందని రోసెన్‌బర్గ్ బృందం చెప్పింది 1965లో. అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది 1978లో."

"అప్పటిదాకా అక్కడే ఉంటావా?"

నేను మాట మార్చాను.

కణాల పరీక్ష పై అంతస్తులో. హీలా అనే క్యాన్సర్ కణాలకు మా కాంప్లెక్స్ పెట్టి 48 గంటలు ఆగి, ఎమ్‌టీటీ అనే పసుపు రంగు వేశారు. బతికున్న కణాలు ఆ పసుపు రంగును ఊదాగా మారుస్తాయి. మా ప్లేటులో ఊదా తక్కువే. సిస్‌ప్లాటిన్ కంటే తక్కువ మోతాదుకే కణాలు చచ్చాయి. ప్రొఫెసర్‌కి సంతోషం, నాకు టెన్షన్. ఫినాంథ్రోలిన్ ఒంటరిగానే కణాల్ని చంపగలదు, మేమేమో దాన్ని విడిగా పరీక్షించనే లేదు. పైగా పళ్లెంలో ఉన్నది నా బొమ్మలోని అణువేనా? డీఎమ్‌ఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించినప్పుడే ఆ నీరు ఊడిపోయి ఉండొచ్చు. కణాలు పెరిగే ద్రవంలోని అమైనో ఆమ్లాలు రాగిని లాక్కుంటాయి, కణంలోకి వెళ్లాక అక్కడుండే గ్లూటథయోన్ అనే పదార్థం దానికి ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి రాగి(I)గా మార్చేస్తుంది. స్ఫటికం చెప్పేది స్ఫటికంలో సంగతే. మీటింగులో ఈ మాట అనడానికి నాకు రెండు వారాలు పట్టింది. భాష రాక కొంత, కాంట్రాక్టు పొడిగింపు ప్రొఫెసర్ చేతిలో ఉండటం వల్ల కొంత.

ఆయన కోప్పడలేదు. మళ్లీ చేయమన్నారు. చేస్తే, ఫినాంథ్రోలిన్ ఒక్కటే దాదాపు అంతే పని చేసింది. క్యాన్సర్ కాని మామూలు ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కూడా అదే మోతాదుకి పోయాయి.

ఫినాంథ్రోలిన్ పక్కనపెట్టి, ఈసారి వేరే లిగాండ్‌తో ఆరు సీసాలు అల్మారాలో పెట్టాను. కాంట్రాక్టు ఇంకా ఐదు నెలలుంది.