కర్ణాలు సరిపోయినా కుంటిన ఇనుప బల్ల

ఇంట్లో గ్రైండరూ వెల్డింగ్ మెషీనూ కొనుక్కున్నవాళ్లు మొట్టమొదట కట్టుకోవాల్సింది బల్ల. ర్యాకులూ స్టాండులూ గేటు రిపేర్లూ అన్నీ ఆ తర్వాతే. నేల మీద గొంతుక్కూర్చుని చేసిన పని ఆ నేలలాగే వస్తుంది. నా బల్ల మొన్ననే పూర్తయింది. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు మానలేదు, కోపమూ చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

ముందు కొలతలు, అన్నీ ఎంఎంలలో. పైన 1200×600 సైజులో 8 ఎంఎం ప్లేటు, కింద 40×40×2 ఎంఎం చదరపు పైపు ఫ్రేము. పై ఫ్రేముకి 1200 ముక్కలు రెండు, 520 ముక్కలు మూడు (ఒకటి మధ్య అడ్డం). కాళ్లు 780 చొప్పున నాలుగు. కింది అడ్డాలు 1120 రెండు, 520 రెండు. ఇదంతా 6 మీటర్ల పైపులు రెండింటిలో వచ్చేస్తుంది. మొదటి పైపులో 1200లు రెండు, 1120లు రెండు, ఒక కాలు, ఒక 520 కోస్తే చివర చిటికెడు ముక్క మిగులుతుంది. మిగతావన్నీ రెండో పైపులో పోను మీటరున్నర పైనే ఉంటుంది. అది పారేయకండి, తర్వాత గ్రైండర్ స్టాండుకి పనికొస్తుంది. పాదాల బోల్టులతో కలిపి ఎత్తు సుమారు 860 వస్తుంది. మీరు పొడుగైతే కాళ్లకి ఇంకో 40 కలుపుకోండి.

ఇక ఇనుప కొట్టు. పైపు మీద వాళ్ల నోట వచ్చే గేజీ ఒకటి, గోడ మందం ఇంకొకటి. 14 గేజీ అంటే దాదాపు 2 ఎంఎం, 16 గేజీ అంటే 1.6. 40×40×2 పైపు 6 మీటర్లది సుమారు 14 కిలోలు తూగాలి. అదే 1.6 అయితే పదకొండున్నరకి అటూ ఇటూ. నేను వెళ్లిన కొట్టులో కాటా ఉంది, దాని మీద సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి. బిల్లు మాత్రం పుస్తకంలో లెక్క చూసి 14 కిలోల చొప్పున రాశారు. బస్తాలు దించి తూచమంటే "మిల్లు లెక్క సార్, ఇందులో తేడా ఉండదు" అన్నాడు. ఎదురుగా ఉన్న ఇంకో కొట్టు కాటాకి తీసుకెళ్లి తూయిస్తే పన్నెండు కూడా లేదు. మిల్లులో కాస్త తేడా రావడం మామూలే, కానీ ఒక్కో పైపుకి రెండు కిలోలు ఏ మిల్లూ మింగదు. కాటా చూపించనివాడి దగ్గర ఇనుము కొనకండి, అంతే. వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టి చూసుకునేవాళ్లు ముందు కోసిన అంచుకున్న బొబ్బని ఆకురాయితో గీకేయాలి. అది ఉంటే 1.6 పైపు కూడా 2 చూపిస్తుంది. పైపు లోపల అతుకు గీత ఉంటుంది, దాని మీదా కొలవకూడదు.

కోత సంగతి ఒక్క ముక్కలో చెప్తాను: 1 ఎంఎం డిస్కు పెట్టి, పైపు నాలుగు ముఖాల మీదా మూలమట్టంతో గీత గీసి, ఒక్కో ముఖం విడిగా కోయాలి. ఒకే వైపు నుంచి కిందిదాకా దించితే కోత వంకర పోతుంది. గార్డు తీసేసి పెద్ద డిస్కు బిగించేవాళ్లని రోజూ చూస్తున్నాం. 4 అంగుళాల గ్రైండరు నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. డిస్కు అంచు వేగం గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది. పగిలిన ముక్క ఆ వేగంతోనే మొహం మీదికి వస్తుంది. డిస్కు మధ్య ఇనుప రింగు మీద గడువు నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటాయి, కొనేటప్పుడు అవీ చూడండి.

వెల్డింగ్‌కి 6013 రాడ్, 2.5 ఎంఎం. కొట్లో "12 నంబర్ రాడ్" అని అడిగితే ఇస్తారు. ఈ పైపుకి 60 నుంచి 70 ఆంపియర్లు చాలు. ఇన్వర్టర్ మెషీను మీద రాడ్ పట్టే హోల్డరుని మైనస్‌కి పెడితే చొరబాటు (కరుగు లోతుకి దిగడం) తగ్గుతుంది, పైపుకి చిల్లులు పడవు. ముక్కల మధ్య సందు 1 ఎంఎం దాటితే మాత్రం ఏ సెట్టింగూ కాపాడదు. కనెక్షన్ 16 ఆంపియర్ల ప్లగ్గు నుంచే ఇవ్వాలి. మిక్సీ ప్లగ్గుకి పెట్టి "మెషీను బాగాలేదు" అనే వాళ్లకి చెప్పేదేమీ లేదు. ఎక్స్‌టెన్షన్ వైరు 2.5 చదరపు ఎంఎంకి తగ్గకూడదు. వానాకాలంలో రాడ్లు చెమ్మ పీల్చి పటపటలాడతాయి, వాటిని గాలి చొరని డబ్బాలో పెట్టుకోవాలి.

ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. నన్ను ఏడిపించింది దీని తర్వాతి ఘట్టం.

పై ఫ్రేముని డాబా మీద పరిచి, టాక్‌లు (ముక్కల్ని తాత్కాలికంగా పట్టించే చుక్క వెల్డులు) వేసి, కర్ణాలు (ఎదురు మూలల మధ్య దూరాలు) కొలిచాను. బయటి కొలత 1200×600కి కర్ణం 1341.6 రావాలి. రెండూ 1341న్నర చూపించాయి, టేపుతో అంతకన్నా పట్టుకోలేం. మూలమట్టం ఏ మూల పెట్టినా వెలుతురు దూరలేదు. కాళ్లు నిలబెట్టి, కింది అడ్డాలు వేసి, ఫుల్ వెల్డింగ్ కొట్టి, తిప్పి నేల మీద నిలబెడితే బల్ల టకటకమంటోంది. ఒక కాలు గాల్లో. హాల్లో టైల్స్ మీద పెట్టినా అంతే. కాళ్ల పొడవు మళ్లీ కొలిస్తే నాలుగూ 780.

నేల తప్పా, బల్ల తప్పా అనేది ముందు తేల్చుకోవాలి. బల్లని అదే చోట పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు తిప్పి పెట్టండి. లేచే కాలు అదే అయితే తప్పు బల్లది. కాలు మారి, నేల మీద చోటు అదే అయితే తప్పు నేలది. నా బల్లకి ఎటు తిప్పినా లేచేది ఆ ఒక్క కాలే.

పక్క రోడ్డులో వెల్డింగ్ షాపు నడిపే మేస్త్రీని పిలిచాను. ఆయన వచ్చి, బల్లని రెండుసార్లు ఊపి, కింద పడున్న రేకుముక్క మడిచి ఆ కాలి కింద దోపి "అందరివీ ఇంతే సార్" అన్నాడు. నలుగురి ముందూ అన్నాడు. గేట్లకీ గ్రిల్స్‌కీ అది చెల్లుతుంది, ఎందుకంటే గోడలో పూడ్చాక ఏ వంకరా కనపడదు. పని చేసే బల్లకి రేకుముక్క వైద్యం చెల్లదు. సుత్తి దెబ్బ పడిన ప్రతిసారీ అది జారిపోతుంది.

విషయం బయటపెట్టింది తలుపులు చేసే వడ్రంగి. "మూల చూశారండీ, మెలి చూడలేదు" అన్నాడు. తలుపు చెక్క మెలి తిరిగితే గొళ్లెం పడదు కాబట్టి వాళ్లకది రోజూ ఉండే తలనొప్పి. కర్ణాలు, మూలమట్టం, ఇవన్నీ ఫ్రేముని పైనుంచి చూస్తాయి. ఒక మూల పైకి లేస్తే అవేవీ పట్టుకోవు. 600 కొలత మీద 8 ఎంఎం లేచినా కర్ణం మారేది టేపుకి అందనంత.

మెలి చూడ్డానికి కావాల్సింది దారం. ఫ్రేము పై ముఖం మీద ఎదురెదురు మూలలకి రెండు దారాలు బిగించి కట్టాలి. మధ్యలో అవి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, ఒత్తుకోకుండా ఉండాలి. పై దారాన్ని కిందికీ, కింది దారాన్ని పైకీ మార్చి మళ్లీ చూడాలి, ఎందుకంటే ఒక వరుసలో ఒత్తుకున్నది రెండో వరుసలోనే సందుగా కనపడుతుంది. నాకు కనపడిన సందు 4 ఎంఎం. మూడు మూలలు ఒక మట్టంలో ఉన్నాయనుకుంటే నాలుగోది ఆ సందుకి రెట్టింపు, అంటే 8 ఎంఎం లేచినట్టు. దారం చాలు, లేజరు అక్కర్లేదు.

మెలి ఎక్కడి నుంచి వచ్చిందంటే, డాబా నుంచి. వాన నీళ్లు తూము వైపు పోవాలని మేస్త్రీలు డాబాకి వాటం పెడతారు. ఒకే వైపు వాలితే బాధ లేదు, వాలుగా ఉన్న చదునూ చదునే. కానీ నీళ్లన్నీ ఒక మూల ఉన్న తూముకి రావాలి కాబట్టి ఆ మూల రెండు వైపుల నుంచీ దిగుతుంది. నేలే మెలి తిరిగి ఉంటుంది. దాని మీద ఫ్రేము పరిచి టాక్ వేస్తే ఆ మెలిని అచ్చు తీసినట్టే. పై ఫ్రేము ఒక్కటే ఉన్నప్పుడు చేత్తో తిప్పినా సర్దుకుంటుంది. కాళ్లకి కింది అడ్డాలు పడ్డాక అదొక పెట్టె అయిపోతుంది, మెలి అందులో తాళం పడుతుంది.

విప్పిన పద్ధతి ఇది. కింది అడ్డాలు నాలుగింటికీ ఒక్కో చివర ఉన్న వెల్డుని డిస్కుతో కోసేశాను. కోయగానే అడ్డాల కొసలు పక్కకి జరిగాయి, అంటే లోపల అంత బిగువు దాగుందన్నమాట. డాబా మీద రెండు తిన్నని పైపు ముక్కలు మీటరు దూరంలో ఒకదానికొకటి సమాంతరంగా వేసి, వాటి కింద రేకుముక్కలు దోపుతూ రెంటి మీదా రసమట్టం ఒకే చోట నిలిచేదాకా సర్దాను. రెండు పైపుల ఎత్తూ ఒకటే ఉండాలని లేదు, వాలు ఒకటైతే చాలు. ఈ రెండిటి మీదా ఫ్రేముని తలకిందులుగా పెట్టి సి-క్లాంపులతో అదిమి, దారాలు ఒరుసుకునేదాకా చూసి, అప్పుడు అడ్డాలకి మళ్లీ టాక్‌లు. రసమట్టం మీద నమ్మకం లేకపోతే తాపీవాళ్లు వాడే నీళ్ల పైపు తెచ్చుకోండి, అది అబద్ధం చెప్పదు.

ఫుల్ వెల్డింగ్‌లో వరుస తప్పినా మెలి మళ్లీ వస్తుంది. వెల్డు చల్లారుతూ ముడుచుకుంటుంది, తను ఉన్న వైపుకి ముక్కని లాగుతుంది. 40 ఎంఎం పైపు కాలు ఒక ముఖం మీద అర మిల్లీమీటరు ముడుచుకుంటే, 780 కింద పాదం దగ్గర అది దాదాపు 10 ఎంఎం అవుతుంది. అందుకని ప్రతి కాలికీ నాలుగు ముఖాలా టాక్ వేయాలి. తర్వాత ఒక ముఖం, దాని ఎదురు ముఖం, ఆ పైన మిగతా రెండూ. ఒకే కాలు పూర్తిచేసి పక్కదానికి పోవద్దు, ఎదురు మూల కాలికి పోవాలి. నిలువు అతుకులకి ఈ పల్చటి పైపు మీద రాడ్ పైనుంచి కిందికి లాగితే చిల్లు పడదు. గేట్ల షాపుల్లో ఒకే చోట కూర్చుని చుట్టూ కొట్టేస్తారు, తొందర వాళ్లది.

ఇప్పుడు బల్ల మీద గోళీ పెడితే పెట్టిన చోటే ఉంటోంది. రేకుముక్క దోపిన మేస్త్రీకి కబురు పెట్టాను, ఇంకా రాలేదు.

ప్లేటు సుమారు 45 కిలోలు, ఇద్దరు ఉంటే తప్ప ఎత్తొద్దు. దాన్ని చుట్టూ వెల్డు కొట్టకండి, అప్పడంలా లేస్తుంది. పై ఫ్రేము లోపలి వైపు 40×40×6 ముక్కలు ఆరు చెవుల్లా వెల్డు చేసి, కింద నుంచి ఎం8 (8 ఎంఎం) బోల్టులతో ప్లేటుని లాగి పట్టించాను. ప్లేటుకి 6.8 బిట్టుతో రంధ్రం వేసి ఎం8 ట్యాపు (మర కోసే పనిముట్టు) కొట్టాలి. సందు ఉన్నచోట రేకు పట్టీ దోపాకే బోల్టు బిగించాలి. ప్లేటుని రెండు చివర్లా మాత్రమే ఆనిస్తే తన బరువుకే మధ్యలో 2 ఎంఎం దిగుతుంది, మధ్య అడ్డం పెట్టింది అందుకే.

వైస్ (ముక్కల్ని దవడల మధ్య బిగించి పట్టేది) ముందు కాలికి సరిగ్గా పైన రావాలి, బల్ల మధ్యలో పెడితే దెబ్బ వేసినప్పుడల్లా ప్లేటు ఊగుతుంది. కదలని దవడ బల్ల అంచుకన్నా కొద్దిగా బయటికి ఉంటేనే పొడవాటి పైపు నిలువుగా పట్టించగలం. ఎం12 బోల్టు కోసం 8 ఎంఎం ప్లేటులో మర కోస్తే నాలుగున్నర చుట్లే దొరుకుతాయి, అవి చాలవు. ప్లేటు కింద 10 ఎంఎం ముక్క వెల్డు చేసి రెండిటికీ కలిపి మర కోయండి. ముందువైపు రెండు బోల్టులూ చదరపు పైపు లోంచి పోతాయి. అక్కడ లోపల గొట్టం ముక్క పెట్టకుండా బిగిస్తే పైపు నొక్కుకుపోతుంది. ఎం12కి 10.2 బిట్టు కావాలి. మామూలు హార్డ్‌వేర్ కొట్లో 10 ఇచ్చి "సరిపోద్ది" అంటారు, ట్యాపు విరిగితే మీ ఖర్చు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో టూల్స్ అమ్మే కొట్లలో 10.2 దొరుకుతుంది. ముందు 5 ఎంఎం రంధ్రం వేసి, తర్వాత 10.2ని నిమిషానికి 700, 800 చుట్లకి మించకుండా నూనె వేస్తూ తిప్పాలి. బిట్టు నుంచి పొడి కాకుండా పొడవాటి చుట్టలు వస్తుంటే వేగం సరైనదే. ట్యాపుని అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి.

పాదాలకి ఎం12 నట్టు వెల్డు చేసేటప్పుడు జింకు పూత లేని నల్ల నట్టే తీసుకోండి, పూత కాలితే వచ్చే తెల్ల పొగ పీల్చితే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. నట్టులో గ్రీజు పూసిన పాత బోల్టు ఉంచి వెల్డు చేస్తే మరలో రవ్వలు పడవు. ఫ్రేముకి రెడ్ ఆక్సైడ్ ఒక కోటు వేసి పైన ఏ రంగైనా కొట్టండి. పై ప్లేటుకి మాత్రం రంగు వద్దు, ఎర్త్ క్లాంపు దాని మీదే పట్టించాలి. వారానికోసారి నూనె గుడ్డతో తుడిస్తే తుప్పు ఎక్కదు.